ఆకాశంలో అందరూ ‘ఐ ఫ్లై’ అయితే: విమానాల కాల్‌సైన్ల వెనక లెక్క

క్లుప్తంగా: టికెట్ మీద ఉండే ఫ్లైట్ నంబరు, రేడియోలో పైలట్ చెప్పే కాల్‌సైన్ ఒకటి కావు. ఒక్కోసారి అంకెలు కూడా కలవవు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పదిమంది మాట్లాడేచోట ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెవికి తెలిపేది కాల్‌సైన్ ఒక్కటే. అందులో ఒక మాట ఉంటుంది, కొన్ని అంకెలు ఉంటాయి. టెన్షన్‌లో ముందు జారేది అంకె. మన దేశంలో ఎయిర్‌లైన్లు తగ్గి ఒకే పేరు పదేపదే వినిపిస్తున్నకొద్దీ బరువంతా ఆ అంకెల మీదే పడుతోంది.

### కంట్రోలర్ పేరెందుకు అడిగారు?

2025 జూన్ 12, మధ్యాహ్నం 1 గంట 39 నిమిషాల 5 సెకన్లు. ఎయిర్ ఇండియా 171 టేకాఫ్ అయిన కాసేపటికే అహ్మదాబాద్ ఏటీసీకి, అంటే విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్లకి, రేడియోలో ‘మేడే మేడే మేడే’ అన్న ప్రమాద పిలుపు వినిపించింది. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నెల తర్వాత ఇచ్చిన ప్రాథమిక నివేదికలో ఆ తర్వాతి సంగతి రెండు ముక్కల్లో ఉంది. కంట్రోలర్ కాల్‌సైన్ ఏమిటని అడిగారు, జవాబు రాలేదు, ఎయిర్‌పోర్టు హద్దు అవతల విమానం కూలిపోవడం కనిపించింది. చక్రాలు నేలను వదిలిన 26 సెకన్లకు వచ్చింది ఆ మేడే. అది వచ్చిన 6 సెకన్లకు రికార్డర్ ఆగిపోయింది.

ఇది చదివినవాళ్లకు ఒక సందేహం రావడం సహజం. టేకాఫ్‌కి అనుమతి ఇచ్చి రెండు నిమిషాలు కూడా కాలేదు, ఎదురుగా ఎగురుతున్నది ఆ విమానమే, మరి ఎవరు మీరు అని అడగడమేంటి? ఇందులో కంట్రోలర్ తప్పు వెతకడం అన్యాయం. రేడియోలో గొంతు మాత్రమే వస్తుంది, ఆ గొంతు ఏ కాక్‌పిట్ నుంచి వచ్చిందో దాని మీద రాసి ఉండదు. అదే ఫ్రీక్వెన్సీ వింటున్న ఏ విమానమైనా ఆ మాట అని ఉండొచ్చు. అందుకే మేడే అని మూడుసార్లు చెప్పాక వెంటనే కాల్‌సైన్ చెప్పాలన్నది పద్ధతి, అది వినిపించకపోతే కంట్రోలర్ మొదట అడగాల్సిందీ అదే. పైలట్ వైపు నుంచి చూసినా అంతే. ముందు విమానాన్ని నిలబెట్టు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు అని నేర్పుతారు. ఆ కాక్‌పిట్‌లో మూడో పనికి మిగిలిన సమయం 6 సెకన్లు.

### అందరికీ ఒకటే లైను

విమానాలు, ఏటీసీ మాట్లాడుకునేది వీహెచ్ఎఫ్ రేడియోలో, 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య. మనం పాటలు వినే ఎఫ్ఎమ్ స్టేషన్లు 108 దగ్గర ఆగిపోతాయి, దానికి కాస్త పైన అన్నమాట. కానీ ఇక్కడ వాడేది ఎఫ్ఎమ్ కాదు, పాతకాలపు ఏఎమ్. దానికో ఉపయోగం ఉంది. ఎఫ్ఎమ్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని మింగేస్తుంది, రెండో మనిషి నోరు తెరిచిన సంగతే ఎవరికీ తెలియదు. ఏఎమ్‌లో రెండూ కలిసి కీచుమని కూత వస్తుంది. మాట అర్థం కాకపోయినా, ఇంకెవరో కూడా మాట్లాడారని తెలుస్తుంది.

ఒక కంట్రోలర్ చూసుకునే ఆకాశం ముక్కకి ఒక ఫ్రీక్వెన్సీ. ఆ ముక్కలో ఉన్న విమానాలన్నీ దాన్నే వింటాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆర్టీసీ బస్టాండులో మైకులో పిలుస్తున్నప్పుడు అందరం మన బస్సు పేరు కోసం చెవులు రిక్కించి, మిగతావన్నీ వదిలేస్తాం కదా, పైలట్లు చేసేదీ అదే, ఇంకా వేగంగా, జవాబు కూడా చెబుతూ.

ఊహించిన నంబరుతో ఒక ఉదాహరణ. శంషాబాద్‌కి దిగబోతున్న విమానాన్ని పన్నెండు వేల అడుగుల ఎత్తుకి దిగమంటూ కంట్రోలర్ పిలుస్తారు: ‘ఐ ఫ్లై సిక్స్ టూ ఫైవ్ ఫోర్, డిసెండ్ ఫ్లైట్ లెవెల్ వన్ టూ జీరో.’ పైలట్ తిరిగి చెబుతాడు: ‘డిసెండ్ ఫ్లైట్ లెవెల్ వన్ టూ జీరో, ఐ ఫ్లై సిక్స్ టూ ఫైవ్ ఫోర్.’ దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు. కంట్రోలర్ పిలిచేటప్పుడు కాల్‌సైన్ ముందు, పైలట్ రీడ్‌బ్యాక్‌లో కాల్‌సైన్ చివర. ముందు పేరు వినబడితే తమది కానివాళ్లు మిగతా మాట వదిలేస్తారు. చివర పేరు వినబడినప్పుడు, తాను ఇచ్చిన ఆదేశం సరైన మనిషే తీసుకున్నాడా అని కంట్రోలర్ సరిచూసుకుంటారు. ఆ చివరి పేరు సరిగ్గా వినకపోతే మొత్తం వరుసలో ఉన్న ఆఖరి కాపలా పోయినట్టే.

### టికెట్ మీద ఒకటి, రేడియోలో ఇంకొకటి

ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లు చూసేవాళ్లకి మొదట తికమక అయ్యేది ఇక్కడే. టికెట్ మీద 6ఈ అని ఉంటుంది, యాప్‌లో ఐజీఓ అని కనిపిస్తుంది, రేడియోలో ‘ఐ ఫ్లై’ అని వినిపిస్తుంది. మూడూ ఇండిగోవే. రెండక్షరాల కోడ్ ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ ఇచ్చేది, టికెట్లకీ బ్యాగేజీ ట్యాగులకీ పనికొచ్చేది. మూడక్షరాల కోడ్‌ని, రేడియోలో పలికే పేరుని ఖాయం చేసి జాబితాలో పెట్టేది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో. ఎయిర్ ఇండియాకి ఏఐ, ఏఐసీ, ‘ఎయిర్ ఇండియా’. స్పైస్‌జెట్‌కి ఎస్‌జీ, ఎస్ఈజే, ‘స్పైస్‌జెట్’. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌ని రేడియోలో ‘ఎక్స్‌ప్రెస్ ఇండియా’ అంటారు, అలయన్స్ ఎయిర్‌ని ‘అలైడ్’ అంటారు. హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం రేడియోలో ‘స్పీడ్‌బర్డ్’. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కోసం గీసిన పక్షి బొమ్మ పేరు అది, కంపెనీలు మారినా పేరు మిగిలింది. ఐర్లండ్ ఎయిర్ లింగస్ ‘షామ్‌రాక్’, తైవాన్ చైనా ఎయిర్‌లైన్స్ ‘డైనాస్టీ’, దక్షిణాఫ్రికా వాళ్లది ‘స్ప్రింగ్‌బాక్’.

ఇవి ముచ్చటకి పెట్టుకున్న పేర్లలా కనిపిస్తాయి గానీ పని చాలా గట్టిది. చైనా పేరుతో మొదలయ్యే ఎయిర్‌లైన్లు అరడజను ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటే, ‘డైనాస్టీ’ అన్న ఒక్క మాట మొత్తం గందరగోళాన్ని తప్పిస్తుంది. ఇండిగో విషయమూ అలాగే చూడొచ్చు. ‘ఇండిగో’, ‘ఇండియా’ గరగరలాడే రేడియోలో ఎంత దగ్గరగా వినిపిస్తాయో ఒకసారి పలికి చూస్తే తెలుస్తుంది. పైగా ‘ఇండియా’ అన్నది ఆల్ఫా, బ్రావో, చార్లీ వరుసలో ఐ అక్షరానికి వాడే మాట కూడా.

ఒక ఎయిర్‌లైన్ నడిపే విమానానికి ఇంకొకటి కూడా టికెట్లు అమ్ముకునే కోడ్‌షేర్ ఒప్పందాల వల్ల ఒకే విమానానికి మూడు నాలుగు ఎయిర్‌లైన్ల ఫ్లైట్ నంబర్లు ఉండొచ్చు, ఎయిర్‌పోర్టు బోర్డు మీద అవి మారుతూ కనిపిస్తాయి. కాల్‌సైన్ మాత్రం ఒక్కటే, నడిపే ఎయిర్‌లైన్‌ది. ప్రమాదం జరిగాక ఫ్లైట్ నంబరుని పక్కన పెట్టడం ఇంకో ఆనవాయితీ. ఎయిర్ ఇండియా 171 స్థానంలో 159 తెచ్చింది, మలేసియా ఎయిర్‌లైన్స్ 370 తర్వాత 318 వాడింది.

ఎయిర్‌లైన్ కాని పౌర విమానాలకి చాలావరకు రిజిస్ట్రేషనే కాల్‌సైన్. బేగంపేటలో శిక్షణ విమానం నడిపే విద్యార్థి తోక మీద రాసి ఉన్న అక్షరాల్నే ‘విక్టర్ టాంగో’ అంటూ మొదలుపెట్టి చెబుతాడు. కంట్రోలర్ ముందు కుదిస్తేనే మొదటి అక్షరం, చివరి రెండక్షరాలకి తానూ కుదించాలి, సొంతంగా కుదించకూడదు. ఎయిర్‌లైన్ నంబరుతో ఉన్న కాల్‌సైన్‌ని అసలు కుదించనే కూడదు. 136 టన్నులు, అంతకు మించిన బరువుతో ఎగరగల విమానమైతే మొదటిసారి పలకరించేటప్పుడు చివర ‘హెవీ’ అని, ఏ380 అయితే ‘సూపర్’ అని చేర్చాలి, వెనక వచ్చే చిన్న విమానం గాలి సుడిలో పడకుండా దూరం ఉంచడానికి.

### వీటీ అంటే వైస్రాయ్ టెరిటరీయా?

మన విమానాల తోక మీద వీటీ అని ఎందుకు ఉంటుందన్న చర్చ పార్లమెంటు దాకా వెళ్లింది. అది ‘వైస్రాయ్ టెరిటరీ’కి పొట్టిపేరు అన్నది జనంలో బాగా పాతుకుపోయిన నమ్మకం. అసలు సంగతి ఇంకాస్త పొడిగా ఉంటుంది. 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశంలో దేశాలకి అక్షరాల వరుసలు పంచారు, బ్రిటిష్ సామ్రాజ్యంలోని భాగాలకి వీతో మొదలయ్యేవి చాలా పడ్డాయి. ఆస్ట్రేలియాకి వీహెచ్, ఇండియాకి వీటీ. అంటే అక్షరాలకి వైస్రాయ్ అన్న అర్థం లేదు, కానీ పంపకం సామ్రాజ్యం లెక్కలో జరిగిన మాట నిజం. ఆస్ట్రేలియా ఇప్పటికీ అదే వాడుతోంది, పాకిస్తాన్ ఏపీ అనే వరుస తీసుకుంది, మనం వీటీ ఉంచుకున్నాం.

మార్చాలంటే ఇష్టమైన అక్షరాలు రాసుకోవడం కుదరదు. మనకున్న వరుసలు ఏటీ నుంచి ఏడబ్ల్యూ, వీటీ నుంచి వీడబ్ల్యూ, 8టీ నుంచి 8వై. ఐఎన్ కావాలంటే ఐ అక్షరం మొత్తం ఇటలీది, భారత్ అని బీ తీసుకుందామంటే అది చైనాది. హైదరాబాద్‌లో హామ్ రేడియో చేసేవాళ్ల పిలుపుపేర్లు వీయూతో మొదలయ్యేదీ ఈ పంపకం వల్లే.

### మాట నిలిచింది, అంకె జారింది

2009 జనవరి 15న న్యూయార్క్‌లో యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానానికి పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయాయి. రేడియోలో దాని పేరు ‘కాక్టస్ 1549’. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ మేడే చెబుతూ తన కాల్‌సైన్‌ని 1539 అన్నారు. వేల గంటలు ఎగిరిన మనిషి, అంతకు కొన్ని నిమిషాల ముందు దాకా సరిగ్గా చెప్పిన నంబరు. అవతల కంట్రోలర్ ప్యాట్రిక్ హార్టెన్ కూడా ఆ తర్వాత దాన్ని 1529 అని పిలిచారు. 49, 39, 29. ఇద్దరూ ఆరితేరినవాళ్లే, ఇద్దరి నోటా అదే ఒక్క అంకె జారింది. అయినా ఆదేశం వేరే విమానానికి పోలేదు. ఎందుకంటే ‘కాక్టస్’ అన్న మాట ఇద్దరి నోటా ఒక్కసారీ తప్పలేదు. విమానం హడ్సన్ నదిలో దిగింది, 155 మందీ బతికారు. ఆ పేరు మాత్రం అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనమయ్యాక 2015లో రేడియోలోంచి పోయింది.

మాట మారితే ఏమవుతుందో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫ్ దీవిలో జరిగిన ప్రమాదంలో కనిపిస్తుంది. 1977 మార్చి 27న పొగమంచులో రెండు జంబోలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పాన్ యామ్ విమానాన్ని కంట్రోలర్ అప్పటిదాకా దాని రేడియో పేరు ‘క్లిప్పర్’ తోనే పిలుస్తూ వచ్చారు. రన్‌వే ఖాళీ చేశాక చెప్పమన్న ఆఖరి ఆదేశంలో మాత్రం ‘పాపా ఆల్ఫా 1736’ అన్నారు. అప్పటికే టేకాఫ్ పరుగు మొదలుపెట్టిన కేఎల్‌ఎమ్ కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది, పాన్ యామ్ ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు కూడా, కెప్టెన్ ఆగలేదు. ప్రమాదానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి. అనుమతి లేకుండా మొదలైన టేకాఫ్, పొగమంచు, ఇద్దరు ఒకేసారి మాట్లాడటంతో కీలకమైన మాటల మీద పడిన ఆ కీచు కూత. కానీ చెవి అలవాటుపడ్డ పేరు సరిగ్గా ఆ క్షణంలో మారిపోయిందన్నది గుర్తుపెట్టుకోవాల్సిన వివరం.

చెవి వినేది వచ్చిన శబ్దాన్నే కాదు, తాను ఎదురుచూస్తున్న దాన్ని కూడా. కిందికి దిగడానికి అనుమతి కోసం పైలట్ పది నిమిషాలుగా చూస్తున్నాడనుకోండి. తన పేరులాంటి పేరు, ఆ వెనకే ‘డిసెండ్’ అని వినిపిస్తే మెదడు మిగతాది తానే పూరిస్తుంది. తనది కాని ఆదేశాన్ని తనదనుకుని జవాబిస్తాడు. అసలు మనిషీ అదే క్షణంలో జవాబిస్తే రెండూ కలిసి కూత.

### మన ఆకాశంలో తగ్గిపోతున్న పేర్లు

ఇక్కడే మన దేశం సంగతి విడిగా చూడాలి. పదేళ్ల కిందట మన ఫ్రీక్వెన్సీల మీద ‘జెట్ ఎయిర్‌వేస్’, ‘గోఎయిర్’, ‘విస్తారా’, ‘రెడ్ నైట్’ అన్నీ వినిపించేవి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగిపోయింది. గో ఫస్ట్‌గా పేరు మార్చుకున్న గోఎయిర్ 2023 మేలో ఆగిపోయింది. ‘రెడ్ నైట్’ పేరున్న ఎయిర్‌ఏషియా ఇండియా 2024 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది, విస్తారా అదే ఏడాది నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసింది. ఆకాశా వచ్చి కొత్త పేరు ఒకటి చేరింది గానీ పోయినవాటితో పోలిస్తే అది చిన్న చేర్పు.

విస్తారా కలిసినప్పుడు దాని ఫ్లైట్ నంబర్ల ముందు 2 చేర్చారు, 955 ఉన్నది 2955 అయింది. ప్రయాణికులకి ఇది సౌకర్యం. చెవికి చూస్తే, ‘విస్తారా’ అన్న విడి మాట పోయి దాని పని 2 అన్న ఒక్క అంకె మీద పడింది.

ఇండిగోది ఇంకా పెద్ద లెక్క. రోజుకి 2,200 పైగా సర్వీసులు, దేశీయ ప్రయాణికుల్లో 60 శాతం పైన. సాయంత్రం రద్దీలో శంషాబాద్ వైపు వచ్చే విమానాల్లో ఎక్కువభాగం ‘ఐ ఫ్లై’ అనే మొదలవుతుంటే ఆ మాట ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే, మిగిలేది నాలుగు అంకెలు. రాజమండ్రి, కడప లాంటి ఊళ్లకి తిరిగే చిన్న ప్రొపెల్లర్ విమానాలు ఏటీఆర్‌ల నంబర్లు చాలావరకు 7తో మొదలవుతాయి, అంటే వాటి మధ్య తేడా చూపడానికి మూడే అంకెలు. ఇది ఇండిగోని తప్పుపట్టే విషయం కాదు, ఏ ఎయిర్‌లైన్ ఇంత పెద్దదైనా ఇదే జరిగేది.

పైగా శబ్దం చూడండి. ఐ, ఫ్లై, ఫైవ్, నైన్, నాలుగింటిలోనూ ‘ఐ’ అన్న ఒకే అచ్చు. ‘ఐ ఫ్లై ఫైవ్ నైన్ ఫైవ్’ అని గబగబా అని, వెంటనే ‘ఐ ఫ్లై నైన్ ఫైవ్ ఫైవ్’ అంటే పక్కనున్న మనిషే తడబడతాడు. ఫైవ్‌ని ‘ఫైఫ్’ అని, నైన్‌ని ‘నైనర్’ అని పలకమని ఐకావో చెప్పింది ఊరికే కాదు. అంకెల్ని విడివిడిగా చదవాలన్నదీ అందుకే. అమెరికాలో ‘ఫిఫ్టీన్ ఫార్టీనైన్’ అని జంటలుగా చెబుతారు, మన దగ్గర ఒక్కొక్కటిగా. జంటలుగా చెబితే తొందరగా అయిపోతుంది, విడిగా చెబితే ఇంగ్లీషు యాసలు ఎన్ని రకాలైనా తప్పు తక్కువ.

అంకెలతో ఇంకో చిక్కు, రేడియోలో మిగతా సమాచారమూ అంకెలే. ఎత్తు 330, దిశ 330, కాల్‌సైన్‌లోనూ 330 ఉంటే ఏది ఏదో తేల్చుకోవడానికి అర సెకను ఎక్కువ పడుతుంది. విశాఖపట్నం లాంటి చోట్ల, ఏటీసీ నేవీ చేతుల్లో ఉండి పౌర విమానాలు, సైనిక విమానాలు రెండూ చూసుకునే దగ్గర, పేర్ల తీరే రెండు రకాలు.

### అక్షరాలు కలిపితే సరిపోతుందా?

యూరప్‌లో ఈ ఇబ్బంది ముందే వచ్చింది. అక్కడ చాలా ఎయిర్‌లైన్లు కాల్‌సైన్‌ని ఫ్లైట్ నంబరు నుంచి విడదీసి, అంకెల చివర అక్షరాలు చేర్చాయి. టికెట్ మీద నాలుగు అంకెలుంటే రేడియోలో ‘47 గోల్ఫ్’ లాంటిది. అక్కడి విమానాల రాకపోకల్ని సమన్వయం చేసే యూరోకంట్రోల్ అన్న సంస్థ ఎయిర్‌లైన్లకి ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చింది, షెడ్యూలు వేస్తున్నప్పుడే ఒకే సమయానికి ఒకే ఆకాశంలోకి వచ్చే సర్వీసుల పేర్లు పోల్చి, దగ్గరగా ఉన్నవాటిని అది పట్టుకుంటుంది. 5లా కనబడే ఎస్, 0లా ఉండే ఓ, 1లా ఉండే ఐ లాంటి అక్షరాలకి దూరంగా ఉంటారు.

ఇది పనిచేస్తుంది, ఎందుకంటే ‘గోల్ఫ్’ ఒక మాట, పోయిన మాటని కాల్‌సైన్‌లోకి వెనక్కి తెచ్చినట్టే. అక్షరాల కోసం 1956 మార్చి 1 నుంచి వాడుతున్న ఆల్ఫా, బ్రావో లాంటి ఆ 26 మాటల్ని ఏ భాషవాళ్లు పలికినా ఒకదానితో ఒకటి కలవకుండా ఎంతో పరీక్షించి ఎంచారు. ఖర్చూ ఉంది. అక్షరాలు ఎక్కువైతే నోరు తిరగదు, ఫ్రీక్వెన్సీ మీద సమయం తింటుంది, అక్షరాల పేర్లు దగ్గరైతే మళ్లీ మొదటికే వస్తుంది. ఇంట్లోవాళ్ల విమానం ఎక్కడుందో యాప్‌లో వెతికేవాళ్లకి టికెట్ నంబరు దొరక్క కంగారు ఇంకొకటి.

అప్పటికప్పుడు చేసేదీ ఉంది. రెండు పేర్లు దగ్గరగా ఉన్నాయని గమనిస్తే కంట్రోలర్ ఇద్దరినీ హెచ్చరిస్తారు, అవసరమైతే ఒకరి కాల్‌సైన్‌ని ఆ ఆకాశం దాటేదాకా మార్చమంటారు. కానీ అది గమనించాక చేసే పని, రద్దీలో గమనించడానికే తీరిక ఉండదు.

సముద్రం మీద, చెన్నై చూసుకునే బంగాళాఖాతం లాంటి చోట, ఆదేశాలు మాటల్లో కాకుండా టెక్స్ట్‌గా కాక్‌పిట్ తెర మీదికి వస్తున్నాయి. అక్కడ చెవి తప్పు లేదు. దిగే ముందు ఆఖరి ఇరవై నిమిషాలకి మాత్రం గొంతే ఇంకా వేగం. టెక్స్ట్‌లోనైనా విమానాన్ని గుర్తుపట్టేది ఫ్లైట్ ప్లాన్ ఫారంలో ఏడో అంశంగా నింపే పేరుతోనే. అందులో ఉండేవి ఏడు గడులు. మూడు ఎయిర్‌లైన్ కోడ్‌కి పోతే మిగిలేవి నాలుగు, వాటిలో అంకెలే రాయాలన్న నియమం లేదు. మన దగ్గర షెడ్యూళ్లు ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారతాయి. ఆ నాలుగు గడుల్లో ఏం రాయాలో ఆలోచించుకునే వీలు ఎయిర్‌లైన్లకి దొరికేది ఆ మార్పులకి ముందు వారాల్లోనే.